కొన లేని చాకు

మా నాయన చాకుకు కొన లేదు. విరిగిపోయింది కాదు. ఒక సాయంత్రం ఆయనే ఆకురాయి పట్టుకొని కూచొని అరగదీసినాడు. మడిచి జేబులో వేసుకునే చిన్న చాకు అది. అలుగు మూడంగుళాలు కూడా ఉండదు. ఆయన పోయినాక బట్టల పెట్టెలో, అడుగున, పాత రేషన్ కార్డు పక్కన దొరికింది. అన్నదమ్ములం కూచొని ఇంటి గురించి, పందుల దొడ్డి జాగా గురించి, తీరని అప్పు గురించి మాట్లాడుకున్నాం. చాకు ఎవరికని ఎవరూ అడగలేదు. నేను తెచ్చుకున్నాను.

అప్పటినుంచి ఒక ప్రశ్న నన్ను వదలడం లేదు. తన మీద పడిన అనుమానం పోగొట్టుకోవడానికి ఒక మనిషి తన పనిముట్టును తానే మొండి చేసుకోవడం సరైన పనేనా? అది తెలివా, లొంగుబాటా? మా వాళ్లను అడిగితే "ఎప్పటి సంగతో, ఇప్పుడేంటికి తవ్వుతావు" అంటారు. ఎప్పటి సంగతో అన్నది నిజమే. చాకు మాత్రం ఇప్పటికీ ఉంది. దాన్ని తెరిచినప్పుడల్లా ఆ మొండి కొన కంట్లో పడుతుంది.

ముందు ఆ చాకు చేసిన పనులు చెప్పాలి. అవి తెలియకుండా కొన పోతే ఏం పోయిందో తెలియదు.

మేము ఎరుకలవాళ్లం. ఎమ్మిగనూరు, ఆదోని చుట్టుపక్కల ఊళ్లలో బుట్టలు, తట్టలు, గంపలు, కోళ్లగూళ్లు అల్లి అమ్ముకున్న కుటుంబాలు మావి. ఈతబర్ర కొట్టడానికి, వెదురు చీల్చడానికి వేరే కత్తి ఉంటుంది, బరువైనది, ఇంట్లోనే ఉంటుంది. జేబు చాకు పని ఆ తర్వాత మొదలవుతుంది. చీల్చిన బర్ర అంచు గీకి నున్నగా చేయాలి, లేకుంటే అల్లేటప్పుడు వేలు తెగుతుంది. బుట్ట నోరు కట్టినాక మిగిలిన కొసలు కోయాలి. ఇది వృత్తి పని. మిగతాదంతా బతుకు పని. సద్దిమూట విప్పి జొన్నరొట్టెలోకి ఎర్రగడ్డ కోయడం, గోనెసంచి పురికొస తెంపడం, వేపపుల్ల చెక్కుకోవడం, మందుచీటీ రేకు చించడం, నా పెన్సిలు చెక్కడం, పందిపిల్లలకు విత్తులు తీయడం. గుంటూరు వైపు మిరపకోతకు పోయిన ఏడాది గుడిసె మీద పట్ట కట్టడానికి తాళ్లన్నీ ఈ చాకుతోనే కోసినాడని అమ్మ చెప్తుంది. మన పడమటి కర్నూలు పల్లెల్లో సుగ్గికి వలస పోయే బండెక్కే ప్రతి మగవాడి జేబులో ఇట్లాంటిది ఒకటి ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యమైనది ముల్లు తీయడం. తుమ్మముల్లు మడిమెలో దిగి లోపల విరిగితే పైతోలు కొంచెం గీరి, కొనతో పక్కనుంచి ఎత్తాలి. పదునుతో అయ్యే పని కాదు. దానికి కొనే కావాలి.

చాకు కొన్నది ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతరలో. నాకు ఊహ తెలియకముందు. రేకుపిడి, మీద బంగారు రంగు పూత, ఒకవైపు నెమలి బొమ్మ. జాతర చాకు అంటే అందరికీ తెలిసిందే, రెండు నెలలకు కీలు వదులవుతుంది, తెరిస్తే అలుగు తల ఊపుతుంది. అక్కడినుంచి మా నాయన దాన్ని బాగుచేయడం మొదలుపెట్టినాడు. అది ఆయన బతికినన్నాళ్లూ ఆగలేదు.

మొదట కీలు. కొబ్బరినూనె డబ్బా రేకును బొట్టుబిళ్లంత గుండ్రంగా కత్తిరించి, నడుమ బొక్క పొడిచి, అలుగుకు పిడికి మధ్య రెండువైపులా వేసినాడు. ఊగడం పోయింది. తర్వాత రేకుపిడి తుప్పుపట్టి చెయ్యి గీసుకుంటా ఉంటే దాన్ని పీకేసి, వెదురు మొదట్లో ఉండే మందపాటి ముక్కను రెండు బద్దలు చేసి పిడిగా వేసినాడు. బొమిడికలకు సైకిల్ పుల్ల ముక్కలు. బొక్కలో దూర్చి, రాయి మీద పెట్టి, రెండువైపులా చిన్న సుత్తెతో తట్టి తట్టి తల తెప్పించాలి. ఒక్క దెబ్బ గట్టిగా పడితే వెదురు పగులుతుంది. రెండు పగిలినాయి, మూడోది నిలిచింది. పిడి వెనక ఉండే పట్టీ, అదే చాకును తెరిచినప్పుడు నిలబెట్టేది, బిగువు పోతే ఇనుము కోసే హ్యాక్సా బ్లేడు ముక్కను పళ్లు అరగదీసి అక్కడ పెట్టినాడు.

చివరికి అలుగే మారింది. పదిహేనేళ్లు సానపెట్టీ సానపెట్టీ అది గడ్డిపోచంత సన్నబడింది. లేత్ మిషను షాపులో పారేసిన పెద్ద హ్యాక్సా బ్లేడు ముక్క తెచ్చుకున్నాడు. గట్టి ఉక్కు, బొక్క పడదు. తోక వైపు మాత్రం నిప్పుల్లో ఎర్రగా కాల్చి, పదును రావలసిన వైపు తడిగుడ్డ చుట్టి ఉంచి, ఆ తోకను బూడిదలో గుచ్చి తెల్లారేదాకా వదిలేసినాడు. మెల్లగా చల్లారిన ఉక్కు మెత్తబడుతుంది, అప్పుడు బొక్క పడుతుంది. అరగదీసేటప్పుడు ఘడియకోసారి నీళ్లలో ముంచేవాడు. "నీలం తిరిగిందంటే ఉక్కు సచ్చిపోయినట్టేరా" అనేవాడు. ఆయనకు చదువు లేదు. ఇనుము ఏ రంగులో ఏమవుతుందో చూసి నేర్చుకున్నాడు.

ఇక్కడ చదువుకున్నవాళ్లకు ఇష్టమైన ప్రశ్న ఒకటి వస్తుంది. పిడి మారింది, పట్టీ మారింది, అలుగు మారింది. మరి ఇది జాతరలో కొన్న చాకేనా? మిళింద ప్రశ్నల్లో నాగసేనుడు యవనరాజును ఇట్లాగే అడుగుతాడు: రథం అంటే ఇరుసా, చక్రాలా, నొగా, వీటిలో ఏది రథం అని. ఫ్రెంచివాళ్లకు జానో అనేవాడి చాకు కథ ఉంది, ఒకసారి పిడి, ఒకసారి అలుగు మార్చి అదే చాకు అనుకుంటాడు. మా అమ్మకు ఈ చిక్కు లేదు. చివరిదాకా దాన్ని "జాతర చాకు" అనే పిలిచింది. నాకూ అమ్మ మాటే సరి అనిపిస్తుంది. ప్రతి మార్పూ చేతికోసం, పనికోసం చేసింది. పని తెగలేదు కాబట్టి చాకు తెగలేదు. ఏ ముక్కా మార్చకుండా చేసిన మార్పు ఒక్కటే దాన్ని వేరే చాకు చేసింది. అప్పుడు పోయింది వడ్లగింజంత ఇనుము.

అది ఎందుకు పోయిందో మా నాయన నాకు చెప్పలేదు. అమ్మ చెప్పింది, అదీ నేను పెళ్లయి పిల్లల తండ్రినైనాక.

1980ల చివరి సంగతి. బుట్టలు అమ్ముకొని వస్తా ఆఖరు బస్సు తప్పిపోయి ఒక ఊరి బస్టాండులో పడుకున్నాడు. ఊరి పేరు చెప్పను. ఆ రాత్రి ఆ ఊళ్లో ఏదో ఇంట్లో దొంగలు పడినారంట. పోలీసులు బస్టాండుకు వచ్చి పడుకున్నవాళ్లను లేపినారు. జేబులు తడిమినారు.

"ఏమిరా ఇది?"

"బర్ర గీక్కునే చాకు సార్."

"ఎవుర్రా మీరు?"

"ఎరుకలోళ్లం సార్."

అంతే. ఇంక ప్రశ్నల్లేవు. పక్కన పడుకున్న రైతు సంచిలో కొడవలి ఉంది, దాన్ని చూసి మళ్లీ సంచిలోనే పెట్టేసినారు. మా నాయన రెండు రాత్రులు ఠాణాలో ఉన్నాడు. మూడో పొద్దు వదిలేసినారు, చాకు కూడా ఇచ్చేసినారు. ఏం జరిగిందో అమ్మకు కూడా పూర్తిగా చెప్పలేదు. ఇంటికొచ్చి నీళ్లు పోసుకొని, అన్నం తినకుండా, ఆకురాయి అడిగినాడు.

మన ప్రాంతంలో ఈ చూపుకు పుట్టిన తేదీ దాదాపు చెప్పవచ్చు. మా వాళ్లలో ఒక తెగ ఉప్పు ఎరుకలవాళ్లు. ఎద్దుల మీద, గాడిదల మీద ఉప్పు, ధాన్యం వేసుకొని సముద్రపు ఒడ్డునుంచి లోపలి ఊళ్లకు తిరిగిన వ్యాపారులు. మద్రాసు రైలు, బొంబాయి రైలు వచ్చి రాయచూరు దగ్గర కలిసింది 1871లో. ఆ దారి ఆదోని మీదుగానే పోతుంది. ఉప్పు రైలెక్కింది. అదే 1871లో ఉత్తరాదిన క్రిమినల్ ట్రైబ్స్ చట్టం వచ్చింది. 1911లో కొత్త చట్టం చేసి మద్రాసు రాష్ట్రానికి కూడా తెచ్చినారు. ఎరుకల, కొరవ, కొరచ అని ఏ పేరుతో పిలిచినా మా గుంపులను జాబితాలో ఎక్కించినారు. స్టువర్టుపురం లాంటి సెటిల్మెంట్లు వచ్చినాయి, వేలిముద్రలు వచ్చినాయి, హాజరు పుస్తకాలు వచ్చినాయి. బతుకుదెరువు పోగొట్టుకుని తిరుగుతున్నవాళ్లను, తిరుగుతున్నారన్నందుకే నేరస్థులను చేసిన తీరును మీనా రాధాకృష్ణ 2001లో వచ్చిన తన పుస్తకంలో కొరవల కథగానే విడమర్చి రాసినారు. మన పిల్లల్లో చదవగలిగినవాళ్లు చదవాలి.

చట్టం పోయింది. మద్రాసు రాష్ట్రంలో 1947లో రద్దు చేసినారు, దేశమంతటా 1952 ఆగస్టు 31న. అప్పటికి ఆదోని ఇంకా బళ్లారి జిల్లాలో ఉంది, కర్నూలులో కలిసింది మరుసటి ఏడు అక్టోబరులో. అంటే ఆదోని కర్నూలులోకి వచ్చేనాటికే ఆ చట్టం లేదు. మా నాయన పుట్టింది ఆ తర్వాత. ఆయన ఒక్కరోజు కూడా ఆ చట్టం కింద బతకలేదు. అయినా బస్టాండులో "ఎరుకలోళ్లం" అన్న ఒక్క మాట సరిపోయింది.

ఇప్పుడున్న చట్టం సంగతి కూడా చూసినాను. 1959 ఆయుధాల చట్టం, దాని నియమాల ప్రకారం తొమ్మిదంగుళాల కంటే పొడవో, రెండంగుళాల కంటే వెడల్పో అలుగు ఉన్న కత్తులు ఆయుధాల లెక్కలోకి వస్తాయి. అందులోనూ ఇంటిపనికి, సేద్యానికి, పరిశ్రమకు చేసినవి రావు. చట్టం అడిగేవి రెండే ప్రశ్నలు: ఎంత పొడవు, దేనికోసం చేసింది. మొదటి ప్రశ్నకు స్కేలు జవాబు చెప్తుంది. రెండోది కొంచెం లోతైన ప్రశ్న. ఒక వస్తువు దేనికోసం చేసిందో ఎవరు చెప్పాలి?

కంపెనీ చాకు అయితే కంపెనీ చెప్తుంది. స్విట్జర్లాండులో కార్ల్ ఎల్సెనర్ 1897లో నమోదు చేయించిన సైనికాధికారి చాకు ఇప్పుడు హైదరాబాదు, బెంగుళూరు సాఫ్టువేరు పిల్లల తాళంచెవుల గుత్తికి వేలాడుతుంది. ఎర్రపిడి, తెల్ల శిలువ. ఆ గుర్తే దానికి నడత సర్టిఫికెట్. దాన్ని చూసి ఎవరూ ఉలిక్కిపడరు. ఇంట్లో బాగుచేసుకున్న చాకుకు ఆ సాక్ష్యం ఉండదు. వెదురుపిడి, సైకిల్ పుల్ల బొమిడికలు, హ్యాక్సా అలుగు. చూసినవాడు దాన్ని "నాటు" అంటాడు. నాటుకోడి అంటే నోరూరుతుంది. నాటుచాకు అంటే నాటుబాంబు, నాటుతుపాకీ గుర్తొస్తాయి. మా నాయన చాకును చేసినవాడు, వాడినవాడు ఒక్కడే. అది దేనికోసమో చెప్పగలిగిన సాక్షి లోకంలో ఆయన ఒక్కడే. ఆ సాక్షి మాటే చెల్లలేదు. ఎంత బాగా పనికొచ్చేలా మార్చుకున్నాడో అంతగా అది ఆయన ఒక్కడి చాకైంది, అంతగా ఆయనకు ఎదురు సాక్ష్యమైంది.

"ఎవరిది" అని అడగడమే తప్పు అని నేను అనడం లేదు. రాజ్యాంగం 25వ అధికరణమే కృపాణం ధరించడం సిక్కు మతాచరణలో భాగమని రాసుకుంది. అక్కడ ఎవరిది అన్న ప్రశ్న గౌరవంగా వచ్చింది. మన పక్కనే హొళగుంద మండలం దేవరగట్టులో దసరా రాత్రి మాళమల్లేశ్వరుడి బన్ని ఉత్సవం జరుగుతుంది. ఇనుపకట్లు వేసిన కర్రలు వేలల్లో లేస్తాయి, తలలు పగులుతాయి. పోలీసులు ఎంత చెప్పినా అది సంప్రదాయమనే పేరుతో నిలిచింది. ఉత్తరాదిన రాంపూరు పట్టణం, సినిమాల్లో రౌడీల చేతిలో కనిపించే తన రాంపురీ మడతచాకును ఇరవై అడుగుల పొడవున చేసి 2023లో కూడలిలో నిలబెట్టుకుంది. వీటిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు (దేవరగట్టుకు నేనూ పోయినాను, భయపడి దూరంగా నిలబడినాను). కర్రకు ఊరు సాక్షి, రాంపురీకి పట్టణం సాక్షి. బర్ర గీకే చాకుకు సాక్షి లేడు. నేను చెప్పేది అంతే.

కొన తీసేయడాన్ని సమర్థించే మాట కూడా ఉంది. దాన్ని దాటేసి పోతే న్యాయం కాదు. ఆ మాట నాకు మా పాప దగ్గరనుంచి వచ్చింది. గురుకులంలో చదువుతుంది, దేన్నీ ఊరికే ఒప్పుకోదు. "కొన లేకుంటే మంచిదే కదా నాయనా, ఎవురికీ గుచ్చుకోదు" అంది. నిజమే. ఓడల మీద పనిచేసేవాళ్ల చాకులకు పాతకాలం నుంచీ కొన మొండిగా ఉంటుంది, అలకు ఓడ ఊగితే పక్కవాడికి దిగకుండా. 1669లో ఫ్రాన్సు రాజు పద్నాలుగో లూయీ భోజనాల బల్లమీద, వీధిలో కొన ఉన్న చాకులు కూడదని, ఉన్నవాటిని గుండ్రంగా అరగదీయాలని ఆజ్ఞ వేసినాడు. 2005లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో కొందరు డాక్టర్లు, వంటింటి పొడవాటి చాకుకు కొన ఎందుకని పేరున్న వంటవాళ్లను అడిగి, అదేమంత అవసరం కాదని తేల్చి, అట్లాంటి చాకుల అమ్మకం ఆపాలని రాసినారు. పొడిచిన గాయాలతో వచ్చినవాళ్లను చూసి చూసి రాసిన మాట అది. ఫ్యాక్షన్ కత్తుల సంగతి తెలిసిన సీమవాళ్లం, దాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం.

మా పాపకు నేను చెప్పిన జవాబు ఇది. రాజు అందరి చాకులూ అరగదీయమన్నాడు, తన బల్లమీదివి కూడా. ఓడలో కొన లేనిది పనివాళ్లందరి చాకులకూ. డాక్టర్లు అడిగింది దేశంలోని ప్రతి వంటింటినీ. అందరూ కలిసి వదులుకుంటే అది జాగ్రత్త. ఒక్క గుంపువాళ్లే, అదీ రాత్రిపూట, ఎవరూ చూడకుండా ఇంటి వెనక కూచొని అరగదీసుకుంటే దాన్ని అదే పేరుతో పిలవలేం. ఇనుములో తేడా లేదు. రెండుచోట్లా పోయింది వడ్లగింజంతే.

ఆమె ఒప్పుకుందో లేదో తెలియదు. "అయితే అశోకుడు కత్తి వదిలేసింది ఒక్కడే కదా" అని ఇంకో ప్రశ్న వేసింది. పాఠంలో వచ్చిందంట. ఆ ప్రశ్న నన్ను తుగ్గలి మండలం ఎర్రగుడి దాకా తీసుకుపోయింది. పత్తికొండ, గుత్తి నడుమ, జొన్నగిరి దగ్గర బండలమీద అశోకుడి శాసనాలున్నాయి, మనవాళ్లు చాలామంది వజ్రాలు వెతుక్కుంటా వాటి పక్కనుంచే పోతారు. కళింగ యుద్ధం తర్వాతి పశ్చాత్తాపం చెప్పే పదమూడో శాసనం ఆ వరసలోదే. అందులోనే అడవివాసుల గురించి ఒక మాట ఉంది. రాజు వాళ్లను అనునయిస్తాడు, తనకు పశ్చాత్తాపం కలిగినా శిక్షించే శక్తి మాత్రం ఉందని కూడా గుర్తుచేస్తాడు, సిగ్గుపడి దారికి రమ్మంటాడు, లేకుంటే చావు తప్పదని. కత్తి దించిన చేత్తోనే మనకు చూపుడువేలు చూపించినాడు. అశోకుడు గొప్పవాడు కాదని అనను. ఆయన వదిలేసింది తన దగ్గర నిండుగా ఉన్నదాన్ని, వదిలేసినాక కూడా కావాలంటే మళ్లీ తీసుకోగలిగినదాన్ని. అందుకే దాన్ని త్యాగం అన్నారు, బండమీద చెక్కినారు. మా నాయన వదిలేసింది ముల్లు తీసే కొన. ఆయనకు బండ ఎవరిస్తారు?

మా కులసంఘం మీటింగుల్లో ఏకలవ్యుడి పటం పెట్టి దండ వేస్తాం. మా మూలపురుషుడు ఆయనే అని పెద్దలు చెప్తారు. తెగిన బొటనవేలు గురించి ఉపన్యాసాలు ఇస్తాం, నేనూ ఇచ్చినాను. మా నాయన చాకు దొరికినాక ఆ ఉపన్యాసం నాకు నోట రావడం లేదు. ఏకలవ్యుడిని గురువు అడిగినాడు. అడిగినవాడు ఎదురుగా ఉన్నాడు, పేరుంది, లోకం ఇప్పటికీ ఆ అడిగినవాణ్ణి నిలదీస్తుంది. మా నాయనను ఎవరూ అడగలేదు. ఠాణాలో కొన తీసేయమని ఒక్కరూ చెప్పలేదు. అడగకుండానే ఇచ్చేలా మనిషిని తయారుచేసినవాళ్లను ఎక్కడని వెతికి నిలదీయాలి?

చాలాకాలం మా నాయన లొంగిపోయినాడనే అనుకున్నాను. కోపం కూడా వచ్చింది. ఆ మాట ఒకసారి అమ్మ ముందు అన్నాను. ఆమె చేట కింద పెట్టి నా మొహం చూసింది. "మీకు కొన కావాల్నా, మీ నాయన రాత్రికి ఇంటికి రావాల్నా? మీరు ముగ్గురూ అప్పుడు నా చీరకొంగు పట్టుకొని ఉండారు" అంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. పౌరుషం అనేది ఇంట్లో తిండిగింజలు ఉన్నవాళ్ల లెక్క అని అప్పుడు అనిపించింది. ఇప్పుడు అంత సులువుగా ఒప్పుకోను. రెండు రాత్రులు ఇంటికి రాకపోవడం ఎంత నష్టమో, ఇంటికొచ్చిన మనిషి అన్నం తినకుండా ఆకురాయి అడగడం కూడా అంతే నష్టం. అది అమ్మ కూడా చూసింది, చెప్పలేదంతే.

నేను చూసింది ఇంకొకటుంది. నాకు తొమ్మిదో పదో ఏడు. కంప దగ్గర మడిమెలో ముల్లు దిగింది. అంతకుముందు ఎన్నిసార్లో ఆయన నా పాదం తన మోకాలి మీద పెట్టుకొని క్షణంలో తీసేసినాడు. ఆ రోజు అలవాటుగా జేబులోనుంచి చాకు తీసినాడు, తెరిచినాడు, చూసినాడు, మళ్లీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. "పిన్నీసు ఇయ్యి" అని అమ్మను అడిగినాడు. అమ్మ గాజులకున్న పిన్నీసు తీసి ఇచ్చింది. అది వంగుతుంది, ముల్లు రాలేదు, రక్తం వచ్చింది. నేను ఏడ్చినాను. ఆయన నన్ను ఊరుకోమనలేదు. ముల్లు మూడు రోజులకు చీముపట్టి తనే బయటపడింది. ఆ మడిమె మీద ఇప్పటికీ చిన్న గుర్తుంది.

ఇంతకూ ఆ కొన తీసేసినందుకు అనుమానం పోయిందా అంటే, పోలేదు. ఇది కూడా అమ్మ చెప్పిందే. రెండేళ్ల తర్వాత ఇంకోచోట మళ్లీ తనిఖీ. మళ్లీ చాకు దొరికింది. ఈసారి పోలీసాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి "కొన ఏంటికి అరగదీసినావురా? తలుపు సందులో పెట్టి గడియ లేపనీకా?" అన్నాడంట. మా నాయన ఏం చెప్పినాడో అమ్మకు తెలియదు. కొన ఉన్నప్పుడు పొడిచే చాకు, కొన పోయినాక గడియ లేపే చాకు. ఇంకొంచెం అరగదీసి ఉంటే ఇంకేమయ్యేదో.

ఇది విన్నాక లొంగుబాటా, తెలివా అన్న నా ప్రశ్నే కొంచెం పక్కకు జరిగింది. తెలివి అనుకుంటే, ఆ తెలివి పనిచేయలేదు. లొంగుబాటు అనుకుంటే, లొంగినవాడికి దొరకాల్సిన నెమ్మది కూడా ఆయనకు దొరకలేదు. తాను మంచివాణ్ణని రుజువు చేయడానికి ఒక మనిషి తన వస్తువును ఎట్లా మార్చుకున్నా, చూసేవాడు ముందే తేల్చుకొని ఉంటే ఆ మార్పు కూడా అతని ఖాతాలోనే పడుతుంది. ఆయన చేసింది తప్పని అనలేను. అట్లా చేయమని నా పిల్లలకు చెప్పలేను. ఈ రెండూ ఒకేసారి ఎట్లా నిజమవుతాయని తర్కం తెలిసినవాళ్లు అడగవచ్చు. ఆయనకు ఆ రాత్రి ఎంచుకోవడానికి వేరే ఏముందో చూసి అడగమంటాను. తప్పు అనే మాటకు ముందు, మనిషికి ఇంకో దారి ఉండి ఉండాలి.

పోయిన ఏడు ఎమ్మిగనూరు సంతకు పోయినప్పుడు ఆ చాకు పదును పెట్టించినాను. సైకిలుకు సానచక్రం బిగించుకున్న ముసలాయన. చాకు తెరిచి, బొటనవేలితో పదును చూసి, బొమిడికలు చూసి, "ఎవరో బాగా తెలిసినోడు చేసినాడప్పా" అన్నాడు. తర్వాత మొండికొన చూసి "దీన్ని తీసి కొన తెప్పిస్తా, ఇరవై రూపాయలు ఎక్కువైతాది" అన్నాడు. చేతిలో చక్రం తిరుగుతా ఉంది. వద్దన్నాను. ఎందుకని అడిగినాడు. "మా నాయన పెట్టింది" అన్నాను. ఆయన తల ఊపి రెండువైపులా పదును మాత్రం పెట్టి ఇచ్చినాడు.

అదే సంతలో నాకోసం ఇంకో మడతచాకు కొన్నాను. కొన ఉన్నది. కీలు అప్పుడే వదులుగా ఉంది, రేకు బిళ్లలు వేయాలి. నాయన చాకు ఇంట్లో పెట్టినాను, కొత్తది జేబులో వేసుకున్నాను. అట్లా వేసుకోవడం నా హక్కు అని, తొమ్మిదంగుళాలు, రెండంగుళాలు అని లెక్కలన్నీ నాకు నోటికొచ్చు. ఈ వ్యాసం రాస్తున్న వారంలోనే ఆదోనికి బస్సులో పోతా ఉంటే దారిలో ఒకచోట బస్సు ఆపి పోలీసులు ఎక్కినారు. మద్యం సీసాల కోసం తనిఖీ అంట. సంచులు చూసుకుంటా వెనకనుంచి ముందుకు వస్తున్నారు. నా పక్క సీటులో పాప నిద్రపోతా ఉంది. నా చెయ్యి నేను చెప్పకుండానే జేబు దగ్గరికి పోయింది, చాకు తీసి పాప పుస్తకాల సంచిలో వేసేసింది.

వాళ్లు దిగిపోయినాక కూడా చాలాసేపు ఆ సంచి తెరవలేకపోయినాను.